కన్నవారింటికి వచ్చిన నలభయ్యో రోజు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చాను. మూడూ ఒకే గుమ్మం దగ్గర నిలబడి రాసినవి. మూడు కాపురాల్లోనూ భార్య ఇల్లు విడిచింది, విడాకుల దాకా వెళ్ళలేదు, వెళ్తారో లేదో వాళ్ళకే తెలీదు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. నేను లాయరుని కాను. చీపురుపల్లి దగ్గర బడిపంతులమ్మగా పనిచేస్తూ, సెలవు రోజుల్లో మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్ళుగా విజయనగరంలో కాపురం చెదిరినవాళ్ళ పక్కన కూర్చుంటున్నాను. అంతకు చాలా ముందు ఆ గుమ్మం దగ్గర నేనూ నిలబడ్డాను. చట్టం సంగతులు తెలిసినంత మేరకు చెప్తాను గానీ, మీ కాగితాలు చూసిన లాయరు చెప్పిందే మీకు లెక్క.

ప్రశ్న: అమ్మా, నాకు 31 ఏళ్ళు. మాది నరసన్నపేట. ఏడేళ్ళ కిందట పెళ్ళయింది. ఆయనకి హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం. నాలుగేళ్ళ పాప ఉంది. ఆయన ఏనాడూ చెయ్యెత్తలేదు గానీ, ఫోన్ యాప్‌లలో అప్పులు చేసి, నాతో ఒక్క మాట చెప్పకుండా నా నగలు తాకట్టు పెట్టేశారు. అడిగినందుకు మూడు నెలలు మాట్లాడలేదు. పాపని తీసుకుని కన్నవారింటికి వచ్చి ఇవాళ్టికి నలభై రోజులు. నాన్న పెద్దమనుషుల్లో పెడదామంటాడు. అమ్మ సర్దుకుని వెళ్ళిపొమ్మంటుంది. చినమావ కేసు పెట్టేయమంటాడు. నాకు ఏదీ తేలడం లేదు, నిద్ర పట్టడం లేదు. ఈమధ్య ఫోన్లో ‘డైవోర్స్ కోచింగ్’ అన్న మాట చూశాను. అంటే విడాకులు ఎలా తీసుకోవాలో నేర్పుతారా? నాలాంటిదానికి పనికొస్తుందా?

జవాబు: తల్లీ, నా కూతురి ఈడుదానివి కాబట్టి నువ్వనే రాస్తున్నాను. నాన్న ఏమంటున్నాడో రాశావు. అమ్మ మాట, చినమావ మాట రాశావు. నువ్వేమంటున్నావో ఉత్తరమంతా వెతికినా దొరకలేదు. ఈ నలభై రోజుల్లో నిన్ను ఎవరూ ఆ మాట అడిగి ఉండరు. డైవోర్స్ కోచింగ్ అనే పని సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

పేరు చూసి జడుసుకోకు. అది విడాకుల వైపు తోసేదీ కాదు, బతిమాలి కాపురానికి పంపేదీ కాదు. విడిపోయే దారిలో ఉన్న మనిషి తన అవసరాలేమిటో, తన భయాలేమిటో చూసుకుని, తన నిర్ణయం తానే తీసుకునేలా పక్కనుండి సాయపడటం. అమెరికాలో లాయర్ల సంఘం కూడా దాదాపు ఇదే అర్థం చెప్పింది. లాయరు కోర్టులో నీ తరఫున మాట్లాడతాడు. మధ్యవర్తి మీ ఇద్దరి నడుమ కూర్చుంటాడు. మనసుకి గాయమైతే డాక్టరు చూస్తాడు. కోచ్ నీ ఒక్కదాని పక్కన కూర్చుని, ఈ వారం ఏ పని చెయ్యాలి, లాయరుని ఏమడగాలి, ఆయన మెసేజీకి ఏమని రాయాలి అన్నవి నీతో కలిసి తేలుస్తుంది. ఇక్కడ ఆ పేరుతో బోర్డు పెట్టుకున్నవాళ్ళు నీకు దొరక్కపోవచ్చు. ఆ పని ఎలా సాగుతుందో చెప్తాను, సగం నువ్వే చేసుకోగలవు.

నా దగ్గరికి వచ్చినవాళ్ళ చేత మొదటిరోజు ఒక రూళ్ళ నోటుబుక్కు కొనిపిస్తాను. మూడు పేజీల మీద మూడు మాటలు రాయిస్తాను: ‘ఈ వారం’, ‘ఈ రెండు నెలలు’, ‘ఇప్పుడు కాదు’. నువ్వు ‘కలిసుండాలా, విడిపోవాలా’ అన్నదాన్ని మొదటి పేజీలో పెట్టుకుని నలభై రాత్రులు మేలుకున్నావు. దాన్ని మూడో పేజీలోకి మార్చు. ఆలస్యమైపోతుందని ఎవరన్నా అంటే నమ్మకు. ఇద్దరూ ఇష్టపడి విడాకులు తీసుకోవాలన్నా, హిందూ వివాహ చట్టం ప్రకారం ముందు ఏడాది పాటు వేరుగా ఉండి తీరాలి. అర్జీ వేశాక మళ్ళీ ఆరు నెలల గడువు. ఆ ఆరు నెలలని తగిన కారణముంటే జడ్జి తీసెయ్యవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది గానీ, ఆ ఏడాది మాత్రం మామూలుగా ఏడాదే. అందుకని నువ్వు బయల్దేరిన తారీకుని నోటుబుక్కులో రాసి, బస్సు టిక్కెట్టో రైలు టిక్కెట్టో ఉంటే పక్కన అంటించు. అంతకు మించి ఆ విషయంలో ఈ వారం నువ్వు చెయ్యాల్సింది లేదు.

మొదటి పేజీలో ఉండాల్సింది నీ నగలు. అవి ఏ సంస్థలో ఉన్నాయి, ఎంతకి ఉన్నాయి, గడువు ఎప్పుడు? గడువు దాటితే నోటీసిచ్చి వేలం వేస్తారు. నీ కాపురం సంగతి ఆలోచించుకోవడానికి ఏడాది ఉంది, నగలకి ఎన్నాళ్ళుందో నీకు తెలీదు. ఆయన్ని ఒక్క వాక్యంలో అడుగు: ‘నగల తాకట్టు రసీదు ఫొటో పంపండి.’ పెళ్ళిలో నీకు పెట్టిన బంగారం నీ స్త్రీధనం. భర్త చేతిలో ఉన్నంత మాత్రాన అది ఆయనది కాదని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. పెళ్ళి ఆల్బంలో నగలు స్పష్టంగా కనిపించే ఫొటోలు, మీ నాన్న దగ్గరున్న కొట్టు రసీదులు ఒక కవరులో పెట్టు. అలాగే నీ పేరు మీద ఏమన్నా అప్పు ఉందేమో చూసుకో. ఎవరి పేరు మీద ఏ అప్పులున్నాయో లెక్క ఉంచే సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. యాప్‌ల అప్పు అన్నావు కాబట్టి చెప్తున్నాను, భార్య ఆధార్, పాన్ ఫొటోలతో తీసిన అప్పులు నేను చూశాను.

ఆధార్, పాన్, పాప పుట్టినతేదీ సర్టిఫికెట్టు, పెళ్ళి శుభలేఖ, బ్యాంకు పాసుబుక్కు, ఇన్సూరెన్సు పాలసీలు, ఆయన జీతం చీటీ ఒకటి దొరికితే అదీ, అన్నీ అదే కవరులోకి. మనోవర్తి కేసు దాకా వెళ్తే ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పులు ప్రమాణపత్రంలో చూపించాలని 2020 నుంచి నియమం ఉంది. అప్పుడు వెతుక్కోవడం కన్నా ఇప్పుడే దాచుకోవడం నయం. నీ వాట్సాప్ ఇంకా హైదరాబాదులోని ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉందేమో సెట్టింగుల్లో చూడు. ఫోన్‌పే పిన్ను, మెయిలు పాస్‌వర్డు మార్చు. ఆధార్‌కి ఆయన ఫోను నంబరు కలిపి ఉంటే నీ నంబరు పెట్టించు. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ ఆయన్ని అడిగే అవస్థ తప్పుతుంది.

ఇక మీ నాన్న సంగతి. పెద్దమనుషుల్లో పెట్టడం తప్పనను. మంచి పెద్దలు కూర్చుంటే విరిగినవి అతికిన సందర్భాలున్నాయి, సామాను నెమ్మదిగా తిరిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ నా సంగతి ఒకటి విను.

1988లో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల నుంచి ఒక ట్రంకుపెట్టెతో విజయనగరం స్టేషన్‌లో తెల్లారగట్ల దిగాను. నాకప్పుడు 27 ఏళ్ళు. పన్నెండో రోజున రెండు వైపుల పెద్దలూ మా ఇంటి అరుగు మీద కూర్చున్నారు. నేను లోపల బియ్యం ఏరుతున్నాను. బయట ఏం మాట్లాడుతున్నారో సగం వినబడుతోంది, సగం లేదు. గంట తర్వాత నాన్న స్టాంపు కాయితం పట్టుకుని వచ్చి, ‘సంతకం ఎట్టెయ్యమ్మా, పీడ ఒదిలిపోతాది’ అన్నాడు. ‘నేటి నుండి ఒకరికొకరం ఏమీ కాము’ అని ఉంది. నా నగల మాట లేదు, సారె సామాను మాట లేదు. పెట్టేశాను. ఆ పూట అరుగు మీది మనుషులు లేచి వెళ్ళిపోతే చాలనిపించింది.

ఆరేళ్ళ తర్వాత సర్వీసు పుస్తకంలో నామినీ పేరు రాయాల్సి వచ్చి ఒక లాయరుని అడిగితే, ఆ కాయితం విడాకులు కాదని చెప్పాడు. ఫలానా కులంలో అలా విడిపోయే ఆచారం తరతరాలుగా ఉందని రుజువు చెయ్యగలిగితే తప్ప, స్టాంపు కాయితానికి ఆ బలం లేదు. మావాళ్ళలో ఆ ఆచారం లేదు. చట్టం ముందు నేనింకా ఆయన భార్యనే. మళ్ళీ కోర్టు మెట్లెక్కి నిజమైన విడాకులు తెచ్చుకునేసరికి నాకు 36 ఏళ్ళు. నాన్న మీద నాకు కోపం లేదు. ఆయన భయపడ్డాడు, నేనూ భయపడ్డాను. నాన్న కాయితం తెచ్చినప్పుడు, ‘రేపు పెడతాను నాన్నా’ అనమని చెప్పే మనిషి ఒక్కరుంటే తొమ్మిదేళ్ళు మిగిలేవి.

అందుకని, పెద్దలు కూర్చుంటే నువ్వూ అక్కడే కూర్చో, లోపల కాదు. ఆ పూట ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. తెల్లకాగితం మీద అసలే వద్దు. ఏం మాట్లాడుకున్నారో ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకో.

రెండో పేజీ మీద లాయరు. శ్రీకాకుళం వెళ్ళి ఒకసారి కలువు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది, 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్ళినా సరే, 15100కి ఫోన్ చేసినా సరే. వెళ్ళేముందు మీ ఏడేళ్ళ సంగతి ఒకే ఒక్క పేజీలో తారీకుల వారీగా రాసుకుని వెళ్ళు. చాలామంది లాయరు ఎదుట మొదటి అరగంటా ఏడుస్తారు, అందులో తప్పు లేదు, కానీ అడగాల్సినవి అడక్కుండానే లేచి వచ్చేస్తారు. ఆ ఏడుపు ముందే నా దగ్గర ఏడవమంటాను. నువ్వు అడగాల్సింది ఇది: నేను ఏ కేసూ వెయ్యకపోతే ఏమవుతుంది? వేస్తే హైదరాబాదు తిరగాలా? దీనికి జవాబు నాకు తెలిసినంతలో, అక్కర్లేదు. భార్య వేసే కేసు ఆమె ఉంటున్న చోటే వేసుకునేలా 2003లో చట్టం మార్చారు. మనోవర్తికీ అంతే. చినమావ చెప్పిన పోలీసు కేసు సంగతి కూడా లాయరునే అడుగు. జరగనిది జరిగిందని రాయించకు. నీ నగలు పోయిన నిజం చాలు, దానికి అబద్ధం తోడక్కర్లేదు.

మెసేజీల సంగతి వేరే చెప్పాలి. ‘మా అమ్మకి క్షమాపణ చెప్పి వస్తే రా, లేకపోతే అక్కడే పడుండు, ఫీజు నేను కట్టను’ అని ఒక రాత్రి వస్తుంది. ఏడేళ్ళ బాధంతా వేళ్ళలోకి వస్తుంది. రాసుకో, నోటుబుక్కులో. ఫోన్లో కాదు. తెల్లారాక ఇలా పంపు: ‘పాప ఫీజు రెండో విడత 20వ తేదీ లోపు కట్టాలి. స్కూలు రసీదు పంపిస్తాను. ఆదివారం సాయంత్రం ఆరింటికి పాపతో మాట్లాడొచ్చు.’ క్షమాపణ గొడవకి జవాబే లేదు చూడు. ఇది రేపు జడ్జి చదివినా, పెరిగి పెద్దయి నీ కూతురు చదివినా నువ్వు తల దించుకోనక్కర్లేదు.

పాప అడుగుతూనే ఉంటుంది. ‘నాన్న అక్కడ పనిచేసుకుంటున్నాడు, మనం ఇప్పుడు తాతగారింట్లో ఉంటున్నాం, నాన్నా అమ్మా ఇద్దరూ నీవాళ్ళే’ అని చెప్పు. రోజూ అదే మాట, ఇంట్లో అందరి నోటా అదే మాట ఉండాలి. ఫోన్ ఇచ్చేటప్పుడు ‘నాన్నని నగలెక్కడున్నాయో అడుగు’ అని మాత్రం ఎన్నడూ నేర్పకు.

వీధిలోవాళ్ళకి కూడా ఒక వాక్యం తయారు చేసుకో. ‘కొన్నాళ్ళు ఇక్కడే ఉంటున్నాను పిన్నీ’ చాలు. రెండో ప్రశ్నకి జవాబు బాకీ లేవు.

నిద్ర పట్టడం లేదన్న మాట తేలిగ్గా తీసుకోవడం లేదు. ఎంత మంచి కోచ్ అయినా దానికి మందు కాదు. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం అది, ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోదామన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే చెయ్యి, తెల్లారేదాకా ఆగకు. ఈ మాట చదివే మిగతావాళ్ళకి కూడా: ఇంట్లో కొడుతున్నా, చంపుతామంటున్నా, నోటుబుక్కు తర్వాత. అత్యవసర నంబరు 112కి గానీ, ఆడవాళ్ళ సహాయ నంబరు 181కి గానీ ఫోన్ చెయ్యండి. హింస పడుతున్న ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో తలదాచుకోవచ్చు.

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. రెండు నెలలుగా భర్తకి దూరంగా హాస్టల్లో ఉంటోంది. మాతో సరిగా మాట్లాడదు గానీ, వారానికోసారి డబ్బు కట్టి ఎవరో డైవోర్స్ కోచ్‌తో ఫోన్లో గంట మాట్లాడుతోందట. కన్నతల్లిని నేనుండగా పరాయి మనిషికి డబ్బిచ్చి చెప్పుకోవడం ఏమిటి? ఆవిడ మా పిల్ల కాపురం కూల్చేస్తుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ మనసు ఎంత కష్టపడిందో అర్థమైంది. ఒక్కటి ఆలోచించండి. మీ అమ్మాయి ఏడిస్తే మీరు ఏడుస్తారు. అప్పుడు తన ఏడుపు మింగి మిమ్మల్ని ఓదార్చాలి. ఏడవని మనిషి ఎదుట గంటసేపు కూర్చోవడానికి తను డబ్బు కడుతోంది. అది మిమ్మల్ని కాదనుకోవడం కాదు.

అయితే మీ భయంలో కొంత న్యాయముంది. లాయరుకి ఉన్నట్టు ఈ పనికి మన దేశంలో లైసెన్సు లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఇది అమెరికాలో పెరిగిన పని. 1990లో మిన్నెసోటాలో స్టువార్ట్ వెబ్ అనే లాయరు, ఇక కోర్టులో పోట్లాడను, ఇరుపక్షాలనీ కూర్చోబెట్టి ఒప్పందానికి తెచ్చే కేసులే తీసుకుంటానని ఒక పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాత ఆ పద్ధతిలోకి మనస్తత్వ నిపుణులు వచ్చి, ఒక్కొక్కరి పక్కన ఒక్కో కోచ్‌గా కూర్చోవడం మొదలైంది. మంచి కోచ్ ‘విడిపో’ అనదు, ‘ఉండిపో’ అనదు. ఏ సెక్షను కింద కేసు వెయ్యాలో చెప్పదు, లాయరు దగ్గరికి పంపుతుంది. ఆర్నెల్ల డబ్బు ముందే కట్టమన్నా, ‘మీవాళ్ళెవరితోనూ మాట్లాడకు, నాతోనే మాట్లాడు’ అన్నా, ఆ మనిషిని వదిలెయ్యాలి. ఇంకొకటి మీ అమ్మాయికి తెలియాలి. లాయరుతో చెప్పుకున్న మాటకి చట్టం ఇచ్చే రక్షణ కోచ్‌తో చెప్పిన మాటకి అలా ఉండదు. మనసులోది మాట్లాడుకోవచ్చు గానీ, డబ్బు లెక్కలూ రహస్యాలూ కోచ్‌కి మెసేజీల్లో రాసి పంపకపోవడం మంచిది. ఇది ఆరాలా కాకుండా, ఒక్కసారి చెప్పి వదిలెయ్యండి.

మీరు చెయ్యగలిగింది చాలా ఉంది. రోజూ ఫోన్ చేసి కాపురం సంగతి ఎత్తకుండా మీ ఇంటి సంగతులు చెప్పండి. కొబ్బరిచెట్టు కాపు, పక్కింటి పెళ్ళి, ఏదైనా సరే. అటువైపు వెళ్ళేవాళ్ళుంటే పచ్చడి పంపండి. వియ్యపురాలికి మాత్రం మీ అమ్మాయికి తెలియకుండా ఫోన్ చెయ్యొద్దు. ఆ ఒక్క ఫోనుతో తను మీకు చెప్పే ఆ కాస్తా మానేస్తుంది.

ప్రశ్న: నాకు 35. రాజాంలో చిన్న వ్యాపారం. నా భార్య ఆరేళ్ళ బాబుని తీసుకుని పార్వతీపురం, కన్నవారింటికి వెళ్ళి రెండు నెలలైంది. రోజుకి ఇరవై మెసేజీలు పెడతాను, జవాబు లేదు. కాపురానికి రమ్మని కేసు వేద్దామంటుంది మా అమ్మ. కొట్లో కూర్చుంటే లెక్కలు తప్పుతున్నాయి. ఎవరితోనూ చెప్పుకోలేను. ఈ కోచింగ్ మగాళ్ళకి కూడా ఉంటుందా? ఒకసారి కోపంలో చెయ్యి చేసుకున్న మాట నిజమే.

జవాబు: బాబూ, ఉంటుంది. మా దగ్గరికి వచ్చే మగవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళు ఆలస్యంగా వస్తారు. అన్నం తినక, కొట్టు మూసేసి, అప్పుడు వస్తారు. నువ్వు ముందే రాశావు, మంచి పని చేశావు.

ఉత్తరం చివర పెట్టిన వాక్యాన్ని మొదటికి తెచ్చుకో. ‘ఒకసారి’ అన్నావు, ‘కోపంలో’ అన్నావు. ఆమె లెక్కలో అది ఎన్నిసార్లో, ఆ తర్వాత ఎన్ని రోజులు నీ అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడిందో నీకు తెలీదు. నీ పక్కన కూర్చునే కోచ్ ఎవరైనా సరే ఈ మాట దాటనివ్వకూడదు. నేను దాటనివ్వను. 2005 నాటి గృహహింస చట్టం కింద ఆమె రక్షణ అడగవచ్చు, అది ఆమె హక్కు. అడగకపోతే అది ఆమె ఇష్టం, నీకు అదను కాదు.

కాపురానికి రమ్మనే కేసు చట్టంలో ఉంది, నిజమే. గెలిచినా పోలీసులు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నీ ఇంట్లో దింపరు. తీర్పు తర్వాత ఏడాది పాటు మీరు కలవకపోతే అదే విడాకులకి కారణమవుతుంది. ఆమెని రప్పించడానికని వేసిన కేసు ఆమెని శాశ్వతంగా పంపేసే కేసుగా మారడం నేను చూశాను. అమ్మగారికి చెప్పు, ఈ రెండు నెలలూ ఏ కేసూ వద్దని.

మెసేజీలు ఇవాళే ఆపు. ఇరవై మెసేజీలు నీకు ప్రేమలా కనిపిస్తాయి, అటు వైపు అవి తలుపు మీద దెబ్బల్లా వినిపిస్తాయి. పార్వతీపురం వెళ్ళి వాకిట్లో నిలబడకు, మీ బంధువుల్ని పంపకు. ఒకే ఒక్కటి పంపు, నేను రాసిచ్చినట్టు కాకుండా నీ మాటల్లో, ఇంచుమించు ఇలా:

‘నిన్ను కొట్టాను. అది నా తప్పు. దానికి నువ్వు కారణం కాదు. ఇకమీద మెసేజీలు పెట్టను. బాబు ఖర్చుకి ప్రతి నెలా ఒకటో తారీకున నీ అకౌంటులో డబ్బు వేస్తాను. నీకు ఇష్టమైతే, నువ్వు చెప్పిన చోట, మీ నాన్నగారి ఎదుట, ఆదివారాలు బాబుని చూస్తాను. తొందర లేదు.’

డబ్బు చేతికిచ్చి పంపకు, బ్యాంకులోనే వెయ్యి. ఎందుకు వేశావో అందులో రాయి. ఆమె తిరిగి వచ్చినా, రాకపోయినా ఆ డబ్బు బాబుది. ఒకవేళ ఆదివారం చూడనిస్తే, గంటా బాబుతో ఆడుకో. ‘అమ్మ నా గురించి ఏమంటోంది’ అని అడగకు.

నీ కోపం సంగతికి కోచింగ్ చాలదు. ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో చూపించుకో. ఆ వెళ్ళిన రోజు తారీకు రాసుకో, మళ్ళీ రమ్మన్న రోజు వెళ్ళు.

ఆమె జవాబు ఇవ్వకపోతే రెండో మెసేజీ పంపకు. వచ్చే ఒకటో తారీకున డబ్బు మాత్రం వెయ్యి.